జాబితాలో ఐదో పేరు

"బండి ఎక్కించినప్పుడు మీ ఇంట్లోవాళ్ళు ఎంతమందండీ?" అని సవ్వా అడగగానే పార్థెనా చేతిలో సూది ఆగిపోయింది.

ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ లెక్క చెప్పరు. పిల్లలెంతమంది అని దారిలో ఎవరైనా పలకరిస్తే "అందరూ బాగున్నారు" అనాలి. ఫోటో వెనక పేరు రాయకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్తే నొప్పి ఎక్కడో చెప్పాలి గానీ, చిన్నప్పుడు ఏ ఊళ్ళో ఉండేవాళ్ళమో చెప్పకూడదు. ఇవన్నీ పార్థెనాకి తల్లి సిమేలా నేర్పినవి. కజకిస్తాన్ పత్తి చేల మధ్య నేర్చుకున్న ఈ జాగ్రత్తలన్నిటినీ, తొంభై మూడులో గ్రీసుకి వలస వచ్చినప్పుడు, దుప్పట్లతోపాటు మూటగట్టుకుని తెచ్చుకున్నారు. ఎందుకని పార్థెనా ఎన్నడూ అడగలేదు. వాళ్ళ జనంలో అందరిళ్ళూ కొద్దోగొప్పో ఇలాగే ఉండేవి.

థెస్సలోనికీ పడమటి వైపు, రష్యన్ మాటలు గ్రీకు మాటలకన్నా ఎక్కువ వినబడే పేటలో వాళ్ళ ఇల్లు. కింద పార్థెనా కుట్టుపని కొట్టు, పైన రెండు గదులు. భర్త పోయాక ముగ్గురు ఆడవాళ్ళు మిగిలారు. డెబ్భై తొమ్మిదేళ్ళ సిమేలా, యాభై నాలుగేళ్ళ పార్థెనా, ఇరవై ఒక్కేళ్ళ ఫోటిని. ఫోటిని ఈ ఊళ్ళోనే పుట్టింది. వీధిలో గ్రీకు, వంటింట్లో రష్యన్ మాట్లాడుతుంది, రెంటిలోనూ తల్లికి ఎదురు చెబుతుంది.

సవ్వాని ఇంటికి తెచ్చింది ఆ పిల్లే. 1949 జూన్‌లో నల్లసముద్రం ఒడ్డు నుంచి గ్రీకు కుటుంబాల్ని రైలెక్కించి కజకిస్తాన్‌కి తోలేసి డెబ్భై ఏళ్ళు నిండుతున్నాయని పేటలోని సంఘంవాళ్ళు పుస్తకం వేస్తున్నారు. ఆ రోజుల్ని చూసిన ముసలివాళ్ళు ఇంకా పదిమందో పన్నెండుమందో ఉన్నారు. వాళ్ళ మాటలు రికార్డు చేసే పనికి ఫోటిని పేరిచ్చింది. సవ్వా ఆ సంఘం మనిషి. యాభై ఆరేళ్ళుంటాయి, కరెంటు పని చేస్తాడు, జార్జియాలో త్సాల్కా కొండల నుంచి వచ్చాడు. ఆ కొండల్లోని గ్రీకుల్ని ఎవరూ తరమలేదు. మరి ఇతనికి మా ఏడుపుతో ఏం పని అని పార్థెనా మనసులో మొదటే ముల్లు గుచ్చుకుంది.

"ఐదుగురం," అంది సిమేలా. "మా నాయనమ్మ, మా అమ్మ దెస్పినా, అన్న అనేస్తి, తమ్ముడు యోరికా, నేను. నాన్న యుద్ధంలోనే పోయాడు."

సవ్వా రాసుకున్నాడు. రాసుకుంటూ తలెత్తకుండానే అడిగాడు. "సైనికులు వచ్చేసరికి ఐదుగురూ ఇంట్లోనే ఉన్నారా?"

సిమేలా అతని వంక చూసింది. తరవాత మోకాలు రుద్దుకుంది. "పార్థెనా, నాకు నొప్పి మొదలైందే. ఆయనకి నాలుగు పిరోష్కీ రొట్టెలు కట్టివ్వు, పాపం వెళ్ళాలి."

అతను మెట్లు దిగాక పార్థెనా తలుపు గడియ పెట్టింది.

"ఎవడే వాడు?"

"అమ్మా, 'వాడు' ఏమిటి! సంఘం మనిషి. పెద్దాయన."

"ఇంట్లోనే ఉన్నారా అని అడగడమేమిటి? తెల్లారకముందే మనుషులు ఇంట్లో కాక ఎక్కడుంటారు? పోలీసు అడిగినట్టు అడిగాడు."

"నీకు కూరగాయలవాడు కూడా పోలీసులాగే కనిపిస్తాడు."

"వాడు 'ఇంట్లో ఎంతమందికి' అని ఎందుకడుగుతాడే? కిలోలు చెబుతున్నాంగా!"

ఫోటిని నవ్వు ఆపుకోలేకపోయింది. "అమ్మమ్మా, చూడు మీ అమ్మాయిని!"

సిమేలా నవ్వలేదు. "మళ్ళీ వస్తానన్నాడా?" అని మాత్రం అడిగింది.

*

వారం తిరక్కుండా వచ్చాడు. ఈసారి తేనె సీసా తెచ్చాడు. ఊరికే తేనె ఎవరు తెస్తారని పార్థెనా దాన్ని మూత తీయకుండానే గూట్లో పెట్టింది.

అతను చాలాసేపు మామూలు సంగతులే అడిగాడు. పొగాకు ఎలా ఆరబెట్టేవారు, పశువుల పెట్టెలో ఎన్ని రోజులు వెళ్ళారు, దిగాక రెల్లు గుడిసెల్లో ఎలా ఉన్నారు. సిమేలా అన్నిటికీ అందరూ చెప్పేవే చెప్పింది. పార్థెనా ఆ కథ వందసార్లు విన్నది. ఎప్పుడూ లారీలో మొదలై చలికాలంలో ఆగిపోయే కథ అది. లారీకి ముందుది ఏదీ అందులో ఉండదని ఇప్పుడు, పరాయి మనిషి పక్కన కూర్చుని వింటుంటే మొదటిసారి తోచింది. పుట్టిన ఇల్లు, వాకిట్లో చెట్టు, ఆడుకున్న స్నేహితురాలు, ఏదీ లేదు.

లేవబోతూ సవ్వా అన్నాడు. "కొండమీద మీకు జ్ఞానస్నానపు తల్లి ఒకావిడ ఉండేదట కదూ? జార్జియా ఆవిడ. నుత్సా అని."

సిమేలా చేతిలో కప్పు ఒరిగి టీ ఒళ్ళో పడింది. ఫోటిని గుడ్డ కోసం పరిగెత్తింది.

"ఆ పేరు మీకెవరు చెప్పారు?" అంది పార్థెనా.

"ఎవరో... ఆ ఊరివాళ్ళే."

"ఆ ఊరివాళ్ళు ఇప్పుడెవరున్నారు? మా అమ్మ ఒక్కతే మిగిలింది."

అతను తడబడ్డాడు. టోపీ అందుకుని, "మీకు ఇష్టం లేకపోతే రావద్దనండి, రాను," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగి సిమేలా ముఖాన్ని అదేపనిగా చూశాడు. ఎక్కడో చూసిన మనిషిని పోల్చుకోవడానికి చూసే చూపు కాదది. పోలికలు కలవడం లేదని తేల్చుకునే చూపు.

మర్నాడు పార్థెనా కొట్టు మూసి సంఘం ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి లెక్కలు చూసే ఎలిసావెత్ ఆమె దగ్గరే గౌన్లు కుట్టించుకుంటుంది.

"సవ్వానా? మంచివాడమ్మా. పాత కాగితాల కోసం సొంత ఖర్చుతో తిరిగాడు."

"ఎన్ని ఊళ్ళవి తెచ్చాడు?"

ఎలిసావెత్ ఆలోచించింది. "ఒక్క ఊరిదే. మీ ఊరిదే."

పార్థెనా తిన్నగా ఇంటికి నడిచింది. వాళ్ళ జనంలో కొందరు ఇక్కడి పౌరసత్వం కోసం గ్రీకు ఇంటిపేర్లు కొనుక్కుని వచ్చారని వలసల కాలంలో పుకార్లుండేవి. రెండు వీధుల అవతల ఒకావిడ కాగితాలు ఇరవై ఏళ్ళ తరవాత మళ్ళీ తిరగేశారని కూడా చెప్పుకున్నారు. ఇంటి కాగితాలన్నీ తీసి మంచం మీద పరుచుకుని చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉండటమే ఎందుకో ఎక్కువ భయపెట్టింది.

"అమ్మా," అంది ఆ సాయంత్రం, "నాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా?"

"పులుసులో ఉప్పెక్కువైంది," అంది సిమేలా.

*

మూడోసారి అతన్ని రమ్మని కబురు పెట్టింది సిమేలాయే. మనవరాలి చేత ఫోను చేయించింది. పార్థెనా ఎంత గింజుకున్నా వినలేదు.

అతను వచ్చి కూర్చోగానే పార్థెనా నడవాలో దీపం వెలగడంలేదని చెప్పింది. స్విచ్చి నిజంగానే పాడైంది, నెల నుంచి. "మీ చేతిలో పనేగా, ఒక్కసారి చూద్దురూ." అతను నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఫోటిని కింద నిచ్చెన పట్టుకుంది. పార్థెనా లోపలికి వచ్చి అతని తోలుసంచీ విప్పింది. కుర్చీలోంచి తల్లి చూస్తూనే ఉంది. వద్దని అనలేదు.

సంచీలో ఒక పాత జాబితా నకలు ఉంది. ఐదు పేర్లు. ఐదో పేరు చుట్టూ ఎర్రసిరా సున్న, పక్కన ప్రశ్నార్థకం. సిమేలా, స్త్రీ, తొమ్మిదేళ్ళు. కాగితం కింద అట్టముక్కల మధ్య ఒక ఫోటో. తలకి నల్లగుడ్డ కట్టుకున్న పడుచు ఆడది. ఆ దవడ, ఆ చెయ్యి పెట్టుకున్న తీరు చూస్తే పార్థెనా ఇట్టే గుర్తుపట్టింది. అమ్మమ్మ దెస్పినా. ఆమె మోకాళ్ళ దగ్గర ఏడెనిమిదేళ్ళ పిల్ల. ఒత్తుగా కలిసిపోయిన కనుబొమలు, గుండ్రటి నల్లకళ్ళు.

సిమేలావి నీలికళ్ళు. ఈ వయసులో కూడా.

పార్థెనా ఫోటో పట్టుకుని నడవాలోకి వచ్చింది. "దిగండి."

అతను దిగాడు. ఫోటో చూశాడు.

"ఏ ఆఫీసు పంపింది మిమ్మల్ని? చెప్పండి. నా భర్తవి, ఆయన తాతలవి కాగితాలున్నాయి. నన్నూ నా కూతుర్నీ ఎవరూ ఏమీ చెయ్యలేరు. ముసలిదాన్ని డెబ్భై తొమ్మిదో ఏట ఎక్కడికి తోలతారు?"

"నన్నెవరూ పంపలేదండీ." అతను ఫోటో మీద వేలు పెట్టాడు. "ఆ ఫోటోలో పిల్ల మా అమ్మ."

ఫోటిని నిచ్చెన వదిలేసింది.

"రెండేళ్ళ కిందట చలికాలంలో పోయింది. బతికినన్నాళ్ళూ ఆవిడ పేరు త్సియాలా. జార్జియా మనిషి. నేనూ అలాగే అనుకున్నా. పోయే ముందు చెప్పింది, నా పేరు సిమేలా అని. జబ్బుచేసి కొండమీద నుత్సా ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివాళ్ళందర్నీ తీసుకుపోయారని. నుత్సా కిందికి వెళ్ళి వాకబు చేస్తే ఐదుగుర్నీ ఎక్కించారని చెప్పారట. 'నేనిక్కడుంటే ఐదో మనిషి ఎవరురా? మా అమ్మ నా చోటు ఇంకో పిల్లకిచ్చి పోయింది,' అంది. డెబ్భై ఏళ్ళు అదే కడుపులో పెట్టుకుంది." అతను లోపలికి చూశాడు. "ఆ చోటు తీసుకున్నదెవరో చూద్దామని వచ్చాను. పోట్లాడదామనే వచ్చాను. దాస్తే పాపం."

"లోపలికి రండి," అని పిలిచింది సిమేలా. "అందరూ రండి. నాకు అరిచే ఓపిక లేదు."

అందరూ కూర్చున్నాక ఆమె ఫోటో అడిగి తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకోకుండానే చూసింది.

"ఇదే గౌను," అంది. "దీన్ని ఎప్పుడూ ఏడిపించేదాన్ని, బొమ్మలాగా ఉంటావని."

"అమ్మా, నువ్వు..." అంది పార్థెనా.

"నా పేరు గ్లాషా. మా వాళ్ళు రష్యన్లు, యుద్ధంలో పోయారు. మా పిన్ని నన్ను తెచ్చి దెస్పినా వాళ్ళ పొగాకు కొట్టంలో పడుకోబెట్టి, సోచీలో పని దొరికింది, వారంలో వస్తానని పోయింది. ఏడాదైనా రాలేదు. దెస్పినా రోజూ గిన్నెడు మొక్కజొన్న జావ పోసేది. అంతకుమించి నాకూ ఆవిడకీ ఏమీ లేదు." సవ్వా వైపు తిరిగింది. "చోటు తీసుకున్నాననుకుంటున్నావు కదూ? విను. లారీ చప్పుడైతే చూద్దామని వాకిట్లోకొచ్చా. ఆఫీసరు కాగితం చూసి పేర్లు పిలుస్తున్నాడు. నలుగురు పలికారు. సిమేలా అన్నాడు. ఎవరూ పలకలేదు. పిల్ల ఏదీ అన్నాడు. దెస్పినా నోరు విప్పలేదు. అప్పుడతను పక్కవాళ్ళతో, వెళ్ళి చుట్టాలిళ్ళు వెతకండి, దొరక్కపోతే కొండమీద ఊళ్ళు కూడా చూడండి అన్నాడు. ఆ మాట వినగానే దెస్పినా గిరుక్కున తిరిగి నా జుట్టు పట్టుకుంది. 'ఇదుగో సిమేలా! దొంగపీనుగ, మళ్ళీ కొట్టంలో దాక్కుంది!' అని చెంప మీద ఒక్కటిచ్చింది. నేను నోరు తెరవబోతే ఇంకోటి."

సిమేలా చెంప తడుముకుంది.

"లారీలో తన శాలువా తీసి నాకు కప్పింది. చెవిలో చెప్పింది. 'అడిగితే సిమేలా అను. లేకపోతే నా కూతుర్ని పట్టుకుంటారు' అని. నా కూతుర్ని అంది. ఎవరి కూతురో నాకర్థమైంది. రైలుపెట్టెలో ఊరు ఊరంతా ఉంది, అందరికీ తెలుసు. ఒక్కరు నోరు జారలేదు. అందుకే చెబుతున్నా, మీ అమ్మని మరిచిపోయి నన్ను తీసుకుపోలేదు బాబూ. వాళ్ళు మీ అమ్మ జోలికి పోకుండా నన్ను వాళ్ళ ముందు పడేసింది."

సవ్వా రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. "మా అమ్మకి ఇది తెలియదు. ఇది తెలియకుండానే పోయింది," అన్నాడు వేళ్ళ సందుల్లోంచి.

"మరి వెతకలేదా ఆవిడ?" అంది ఫోటిని. "తరవాత వదిలేశారు కదా, యాభై ఆరులో?"

"యాభై ఏడులో వెళ్ళింది. మూడు వారాలు పట్టింది వెళ్ళి రావడానికి. నాకప్పుడు పదిహేడేళ్ళు. ఆ మూడు వారాలూ నేను అన్నం తినలేదు. అసలుది దొరికితే ఇక నేనెవర్ని? నుత్సా ఇల్లు అమ్ముకుని ఎటో పోయిందట, ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారట. ఒంటరిగా తిరిగొచ్చింది. గుమ్మంలో ఆవిడ వెనక ఎవరూ లేరని చూడగానే..." సిమేలా ఫోటోని బోర్లించింది. "సంతోషించాను. ఆ సంతోషాన్ని ఆవిడ చూసింది కూడా."

పార్థెనా తల్లి ముఖంలోకి చూసింది. యాభై నాలుగేళ్ళుగా ఎరిగిన ముఖం. ఫోటో వెనక పేరు రాయొద్దని కసిరిన ముఖం. ఇంతకాలం భయమంతా కజకిస్తాన్‌లో తమమీద కాపలా ఉన్న కమాండెంటుకీ, ఆఫీసులకీ అనుకుంది. ఇప్పుడు చూస్తే అది ఎవరైనా మెట్లెక్కి వచ్చి నా చోటు నాకివ్వమని అడుగుతారేమోనన్న భయం. దాన్నే తనకి ఉగ్గుతో పోసింది. తను ఫోటినికి పోసింది.

అప్పుడే బల్ల మీద ఫోటిని ఫోను కనబడింది. ఎర్రచుక్క వెలుగుతోంది.

"అది ఆపు. తుడిచెయ్యి. ఇప్పుడే, నా కళ్ళముందే."

"అమ్మా..."

"నీకు తెలీదు. ఇది పుస్తకంలో పడితే అమ్మమ్మ పేరున వచ్చిన ప్రతి కాగితం తిరగేస్తారు. పింఛనుతో సహా. ఇవ్విలా!"

ఫోటిని ఫోను తల్లికివ్వలేదు, అమ్మమ్మ ఒళ్ళో పెట్టింది. "ఆవిడ చెప్పమంటే తుడుస్తా."

సిమేలా ఆ అద్దపు పలకని వేలితో తాకి చూసింది. "గ్లాషా అన్నాను కదూ, ఇందులో పడిందా?"

"పడింది అమ్మమ్మా."

"ఆ పేరు పైకి అని డెబ్భై ఏళ్ళైంది. ఉండనీ. పుస్తకంలో మాత్రం వేయకండి, నేను పోయేదాకా. ఆ తరవాత మీ ఇష్టం."

సవ్వా వెళ్తూ పుస్తకంలో ఒక్క ముక్క కూడా రానివ్వనని మాటిచ్చాడు. పార్థెనా అతని ముందే సంచీలోని జాబితా నకలు తీసుకుని చింపింది. ఇంకో నకలు ఉండే ఉంటుందని ఆమెకి తెలుసు. అతనూ ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు.

*

జూన్ రెండో వారంలో సంఘం హాలులో సభ జరిగింది. కొవ్వొత్తులు వెలిగించాక ఊరివారీగా జాబితాలు చదువుతారు. వాళ్ళ ఊరి జాబితా చదివేది సవ్వా అని గోడమీద కాగితంలో చూసి పార్థెనా తల్లిని ఇంటికి తీసుకుపోదామనుకుంది. సిమేలా ముందు వరస కుర్చీలో, మంచి శాలువా కప్పుకుని, కదలనంది.

సవ్వా మైకు దగ్గరికి వచ్చాడు. నల్లకోటు వేసుకున్నాడు. పార్థెనా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు నొక్కుకుంటూ కూర్చుంది. ఇప్పుడంటాడు, ఇంతమంది ముందు అంటాడు, దీనికోసమే ఇన్నాళ్ళూ తేనె తెచ్చాడు, తల వంచుకున్నాడు అనుకుంది. అతను ఒక్కో ఇల్లూ చదువుకుంటూ వచ్చాడు. వాళ్ళ ఇల్లు వచ్చింది. నాయనమ్మ. దెస్పినా. అనేస్తి. యోరికా. అక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"సిమేలా. తొమ్మిదేళ్ళు," అని చదివి పక్క ఇంటికి వెళ్ళిపోయాడు.

సభ అయ్యాక మెట్ల దగ్గర పార్థెనా అతన్ని పట్టుకుంది. "ఎందుకలా చదివారు?"

"ఎలా చదవమంటారు? ఆ పొద్దున మా అమ్మమ్మ ఆఫీసరుతో చెప్పిన మాట అది. దానివల్లే మా అమ్మ బతికింది, నేను పుట్టాను. ఆ మాటని నేను అబద్ధం చెయ్యనా?"

"ఇవాళ చెయ్యలేదు. రేపు?"

సవ్వా మొదటిసారి ఆమె ముందు నవ్వాడు. "రేపటి సంగతికి కాపలా పెట్టుకోండి. మీ అమ్మగారు ప్రతి ఆదివారం భోజనానికి రమ్మన్నారు. ఎదురుగానే ఉంటాను, కనిపెట్టి చూసుకోవచ్చు."

"మా అమ్మ నన్నడక్కుండా ఎప్పుడు పిలిచింది?"

"మీరు నా సంచీ వెతుకుతున్నప్పుడు కాదులెండి."

పార్థెనాకి నవ్వొచ్చింది గానీ అతనికి కనబడనివ్వలేదు.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. అతనికి కావలసింది ఒక్కటే, అమ్మమ్మ. తల్లి దగ్గర తొమ్మిదేళ్ళ పిల్లకి గుర్తున్నంతే ఉంది. మిగతా పాతికేళ్ళూ సిమేలా దగ్గరున్నాయి. దెస్పినా పత్తి ఏరుతూ ఎలా తిట్టేది, రెల్లుతో గోడ ఎలా అల్లింది, ఆదివారం పని చేయమంటే కమాండెంటుకి ఎలా ఎదురుతిరిగింది, సిమేలా పెళ్ళిలో ఎన్ని గంటలు నాట్యమాడింది. సవ్వా నోరు తెరుచుకుని వినేవాడు. ఫోటిని రికార్డు చేసుకునేది. పార్థెనా వడ్డిస్తూ, అతను ఏ ప్రశ్న తరవాత ఏ ప్రశ్న అడుగుతున్నాడో గమనిస్తూ ఉండేది. కొన్నాళ్ళకి కూర కూడా గమనించి రెండోసారి వేయడం మొదలుపెట్టింది.

ద్రాక్షలు పండే రోజుల్లో ఒక ఆదివారం అతను చాలాసేపు ప్లేటు కెలికి, చివరికి అడిగాడు.

"అమ్మమ్మ పోయేటప్పుడు... మా అమ్మని ఎప్పుడైనా తలచుకుందా?"

సిమేలా రొట్టెముక్క కింద పెట్టింది. "తలచుకుంది. ఆ పొద్దున 'సిమేలా' అని పిలిచింది. ఇక్కడే ఉన్నానమ్మా అన్నా. 'నువ్వు కాదే, కొండమీది దాన్ని. జ్వరం తగ్గిందేమో కనుక్కో,' అంది. అదే ఆఖరి మాట."

సవ్వా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. వీపు కదులుతోంది. ఫోటిని కళ్ళు తుడుచుకుంటూ ఫోనుని అమ్మమ్మకి ఇంకాస్త దగ్గరగా జరిపింది.

పార్థెనా గరిటె పట్టుకుని నిలబడిపోయింది. అమ్మమ్మ పోయినప్పుడు తనకి తొమ్మిదేళ్ళు. ఆ గదిలోనే, ఆ మంచం పక్కనే పడుకునేది. పక్షవాతం వచ్చి దెస్పినా ఆఖరి మూడు నెలలూ ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయింది. నీళ్ళు కావాలన్నా కనురెప్పలతోనే అడిగేది.

ఆమె తల్లి వైపు చూసింది. సిమేలా నీలికళ్ళు తిప్పుకోకుండా కూతుర్ని చూశాయి. ప్రతి ఆఫీసు బల్ల ముందూ, ప్రతి గుమస్తా ముందూ ఆమె అలాగే చూసేది. మరి యాభై ఏడులో ప్రయాణం? శాలువా? జుట్టు పట్టుకున్న చెయ్యి? ఇందులో జరిగింది ఎంత, ఈ మనిషి కోసం కుట్టింది ఎంత? అడిగితే ఇప్పుడే అడగాలి. చూసినవాళ్ళలో ఈవిడ ఒక్కతే మిగిలింది.

"సవ్వా గారూ, చల్లారిపోతోంది, వచ్చి కూర్చోండి," అంది పార్థెనా. అతను వచ్చి కూర్చున్నాక ఇంకో గరిటె వేసింది.